ముప్పై గుడ్లు, ఆరు నెలలు

డిసెంబరు మూడో వారం వచ్చిందంటే తిరుపతిలోనూ చిత్తూరులోనూ పెద్దాసుపత్రుల వార్డుల్లోకి క్రైస్తవ సంఘాలు వరసకట్టి వస్తాయి. మనిషికో రొట్టె, రెండు అరటిపండ్లు, ఒక ఆపిల్, దానిమీద బైబిలు వాక్యం అచ్చేసిన కార్డు. మంచం పక్కన నిలబడి చిన్న ప్రార్థన, ఒక ఫోటో, ఆ తర్వాత పక్క మంచం. జనవరి రెండో తారీఖుకు ఆ మంచాల దగ్గర ఎవరూ ఉండరు. రోగం మాత్రం అక్కడే ఉంటుంది.

క్రియలు లేని విశ్వాసం మృతమని బైబిల్లో యాకోబు అన్నాడు. ఈ పంపకాన్ని అలాంటి క్రియ అనడానికి నాకు మనసొప్పదు. చేతులతో చేశారు కాబట్టి క్రియ అనిపిస్తుంది గానీ, నా లెక్కలో ఇది కూడా మాటే, రొట్టె రూపంలో ఉన్న మాట. యాకోబు పత్రిక రెండో అధ్యాయం మనందరికీ కంఠస్థమే. "సమాధానముగా వెళ్లుడి, చలి కాచుకొనుడి, తృప్తిపొందుడి" అనేవాణ్ణి యాకోబు ఎత్తిపొడుస్తాడు. వాడు అన్నవి చెడ్డ మాటలేమీ కావు. దీవెనలే. మనం ఆదివారం గుడి మెట్ల మీద "ప్రార్థనలో పెడతాంలేమ్మా" అంటామే, అచ్చం అలాంటివి. అయితే ఆ వచనంలో ఎవరూ ఆగి చూడని ముక్క ఇంకొకటుంది: "శరీరమునకు కావలసినవాటిని ఇయ్యక" అని. శరీరానికి కావలసింది ఇవ్వాలంటే ముందు ఏం కావాలో అడగాలి, ఎంత కావాలో కొలవాలి, ఎన్నాళ్లు కావాలో తెలుసుకోవాలి. మనకు తోచింది ఇచ్చి రావడం ఆ లెక్కలోకి రాదు.

అడగకపోతే ఏమవుతుందో ఆ అరటిపండే చెబుతుంది. కిడ్నీలు దెబ్బతిని డయాలసిస్ మీద ఉన్న మనిషికి ఒంట్లో చేరిన పొటాషియం బయటికి పోదు. అరటిపండులో, కొబ్బరినీళ్లలో ఉండేది అదే. అది రక్తంలో పెరిగితే గుండె లయ తప్పుతుంది, ప్రాణం మీదికి వస్తుంది. ప్రేమతో పట్టుకెళ్లిన కొబ్బరిబోండాం ఆ వార్డులో విషంతో సమానం. షుగరు ఉన్నాయనకు మైదా రొట్టె, మరుసటి పొద్దున ఆపరేషన్ ఉన్నావిడకు రాత్రి పదింటికి పులిహోర, ఇవీ అలాంటివే. వార్డులోకి అడుగుపెట్టే ముందు స్టాఫ్ నర్సును రెండు నిమిషాలు అడిగితే ఎవరికి ఏది పెట్టకూడదో చెబుతుంది. ఆ రెండు నిమిషాలకు ఓపిక పట్టే బృందాలు తక్కువ.

పైగా తిరుపతిలో మధ్యాహ్నం భోజనానికి కరువు లేదు. దేవస్థానం అన్నప్రసాదం కొండ మీదే కాదు, కింద ఆసుపత్రుల దగ్గరికీ వస్తుంది. అన్న క్యాంటీన్‌లో 5 రూపాయలకు భోజనం దొరుకుతుంది. అన్నం పుష్కలంగా ఉన్న ఊళ్లో మనం కూడా ఇంకో వంద పొట్లాలు కట్టి పంచితే తృప్తి మనకే గానీ లోటు తీరేది ఎవరికీ లేదు. ఈ ప్రాంతంలో లోటున్నది ఒక్కరోజు అన్నానికి కాదు. నెలల తరబడి ఒకే ఇంటికి పోయి వచ్చే మనిషికి.

అందుకే నేను టీబీ గురించి రాస్తున్నాను. విశ్వాసం, క్రియలు అని మొదలుపెట్టి క్షయరోగంలోకి దిగాడేమిటని అనిపించవచ్చు. ఈ జిల్లా క్రైస్తవానికి, ఆ జబ్బుకు నూరేళ్ల పైబడిన సంబంధం ఉంది. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో. మరి నాలుగేళ్లకు, 1915లో, అప్పట్లో ఈ జిల్లాలోనే ఉన్న మదనపల్లె దగ్గర అనేక క్రైస్తవ మిషన్లు కలిసి ఒక క్షయ శానటోరియం, అంటే రోగులు నెలల తరబడి ఉండే ఆసుపత్రి, తెరిచాయి. మనం ఆరోగ్యవరం అని పిలుచుకునేది దాన్నే. దాన్ని నిలబెట్టిన వైద్యుడు డెన్మార్క్ నుంచి వచ్చిన క్రిస్టియన్ ఫ్రిమోట్ మొల్లర్. అప్పటికి టీబీకి మందే లేదు. మొదటి మందు స్ట్రెప్టోమైసిన్ వెలుగు చూసింది 1944లో. అంటే దాదాపు ముప్పై ఏళ్ల పాటు అక్కడ రోగికి ఇవ్వగలిగింది ముఖ్యంగా మూడే: మంచి గాలి, విశ్రాంతి, బలమైన తిండి. నెలల తరబడి, రోజూ, వేళకు. బాగవుతాడన్న భరోసా లేకుండానే పొద్దున పాలు కాచి ఇచ్చారు, సాయంత్రం జ్వరం చూసి రాశారు. వేర్వేరు మిషన్లు సిద్ధాంతాల్లో ఒకరితో ఒకరికి ఎంత పడినా పడకపోయినా ఈ పని దగ్గర కలిశాయి. ఈ రోజు మన ఊళ్లలో ఒకే వీధిలో ఉన్న మూడు సంఘాలు క్రిస్మస్ ఊరేగింపు తేదీ దగ్గరే కలవలేకపోతున్నాయి, అది వేరే సంగతి.

తర్వాత మందులొచ్చాయి. మద్రాసులో జరిగి 1959లో వెలువడిన పరిశోధన ఒకటి లోకమంతా టీబీ వైద్యాన్ని మార్చేసింది. మందులు సరిగ్గా వేసుకుంటే శానటోరియంలో ఉన్నవాళ్లూ ఇంట్లో ఉన్నవాళ్లూ దాదాపు ఒకేలా కోలుకున్నారని, ఇంట్లో పెట్టుకున్నందుకు మిగతావాళ్లకు అదనంగా సోకలేదని తేలింది. రోగి శానటోరియం నుంచి ఇంటికొచ్చేశాడు. మందు కూడా ఇంటికొచ్చింది. అక్కడ కాచిచ్చిన పాలు, పెట్టిన గుడ్డు, పలకరించే మనిషి, ఇవి మాత్రం ఇంటిదాకా రాలేదు. సంఘం చేయగలిగింది, చేయాల్సింది ఆ ఖాళీలోనే ఉందని నా వాదన.

దానికి తోవ కూడా సిద్ధంగా ఉంది. 2022 సెప్టెంబరులో కేంద్రం నిక్షయ్ మిత్ర అని ఒక ఏర్పాటు మొదలుపెట్టింది. వ్యక్తి గానీ, సంస్థ గానీ, సంఘం గానీ నిక్షయ్ వెబ్‌సైటులో పేరు నమోదు చేసుకుని, ఒప్పుకున్న రోగికి కనీసం 6 నెలలు పోషకాహారం ఇవ్వవచ్చు. జిల్లా క్షయ నివారణ అధికారి కార్యాలయం రోగులను కలుపుతుంది. రోగి ఒప్పుకోనిదే పేరు ఇవ్వరు. పెద్దవాళ్లకు నెలకు ఇవ్వమని చెప్పిన బుట్ట ఇది: బియ్యమో రాగులో మరేదైనా ధాన్యమో 3 కిలోలు, పప్పులు కిలోన్నర, నూనె పావు కిలో, పాలపొడి గానీ చెనక్కాయలు గానీ 1 కిలో. దానికి తోడు వీలైతే 30 గుడ్లు. చూశారా, ఒక్కటీ మనకు కొత్త వస్తువు కాదు. రాగులు, చెనక్కాయలు మన నేలలో పండేవే. కందిబ్యాళ్లు, గుడ్లు వీధి చివరి అంగట్లో దొరికేవే. అన్నీ కలిపి నెలకు 700, 800 రూపాయలు దాటదు. 40 కుటుంబాల చిన్న సంఘం ఇంటికి 50 రూపాయలు వేసుకుంటే 2000. ఇద్దరు రోగులకు బుట్టలు పోగా ఆటో ఖర్చులకు ఇంకో 400 మిగులుతుంది.

ఈ బుట్టకు ఇంత ప్రాధాన్యం ఎందుకంటారా? టీబీ క్రిమి చాలామంది ఒంట్లో నిద్రపోతూ ఉంటుంది, తిండి చాలని ఒంట్లో లేస్తుంది. జార్ఖండ్‌లో జరిగి 2023లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో రోగి ఇంట్లోని మిగతావాళ్లకు కూడా, తలా నెలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు చొప్పున ఇచ్చారు. అలా ఇచ్చిన ఇళ్లలో కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది. రోగుల విషయంలోనూ అంతే, మొదటి రెండు నెలల్లో బరువు 5 శాతం పెరిగినవాళ్లలో చావులు బాగా తక్కువ. 40 కిలోల మనిషికి 5 శాతమంటే 2 కిలోలు. అంత చిన్న లెక్క మీద బతుకు ఆధారపడి ఉంది.

ఇక్కడే మొదటి పొరపాటు జరుగుతుంది. నెల మొదట్లో బుట్ట ఇచ్చేసి చేతులు దులుపుకుంటారు. ముప్పై గుడ్లూ ఒకేసారి ఇంటికి చేరితే వారం రోజుల్లో పిల్లలు, మనవలు, వచ్చిన చుట్టాలు అందరూ తింటారు. తప్పేముంది, తల్లి ఎక్కడైనా పిల్లలకు పెట్టకుండా తాను తింటుందా? అందుకని గుడ్లు వారానికి 7, 8 చొప్పున ఇవ్వాలి, చెనక్కాయలు కూడా పావు కిలో పావు కిలోగా ఇవ్వాలి. మిగతావి నెలకోసారి ఇచ్చినా పరవాలేదు. పిల్లలున్న ఇల్లయితే వాళ్ల కోసం ఇంకో డజను గుడ్లు వేరే పట్టుకుపోవడమే దారి. "ఇది నీకే, ఎవరికీ పెట్టకు" అని చెప్పి రావడం వల్ల ఉపయోగం ఉండదు. వారం వారం పోతే ఇంకో లాభముంది, మాత్రల సంగతి కంటబడుతుంది.

మామూలు టీబీకి మందు 6 నెలలు. మొదటి 2 నెలలు నాలుగు రకాల మందులు, తర్వాత 4 నెలలు మూడు రకాలు, అన్నీ ఒకే మాత్రలో కలిపి వస్తాయి. రోజుకు ఎన్ని మాత్రలన్నది బరువును బట్టి ఉంటుంది. 35 నుంచి 49 కిలోల వాళ్లకు 3, 50 నుంచి 64 కిలోల వాళ్లకు 4. తిండి బాగుండి మనిషి 46 నుంచి 52కి వచ్చాడనుకోండి, మాత్రల లెక్క మారాలి. కాబట్టి నెలకోసారి తూకం చూసి, ఆశా కార్యకర్తకో ఆరోగ్య కేంద్రంలోనో చెప్పాలి. బుట్ట మోసేవాళ్ల దగ్గర బరువు చూసే మిషను కూడా ఉండాలని నేననేది అందుకే.

మందు మొదలైన ఒకటి రెండు రోజుల్లోనే మూత్రం ఎర్రగా, నారింజ రంగులో వస్తుంది. అది రిఫాంపిసిన్ అనే టీబీ మందు రంగు, భయం లేదు. ఆ ముక్క ముందే చెప్పకపోతే "రక్తం పడుతోంది" అని హడలిపోయి మాత్రలు పక్కన పడేసేవాళ్లున్నారు. వికారం మొదటి వారాల్లో మామూలే. కళ్లు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా, చూపు మసకేసినా, రంగులు తేడాగా కనబడినా మాత్రం మర్నాటిదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి. సారాయి, బ్రాందీ అలవాటున్నవాళ్లకు కాలేయం త్వరగా దెబ్బతింటుంది. వాళ్ల ఇంటికి వారానికి రెండుసార్లు పోయి కూర్చోవడం ఉపదేశం కంటే బాగా పనిచేస్తుంది.

అన్నిటికంటే గండం రెండో నెల చివర వస్తుంది. దగ్గు తగ్గిపోయి, ఆకలి తిరిగొచ్చి, మనిషి కూలికి పోవడం మొదలుపెడతాడు. జబ్బు నయమైందనుకుంటాడు. నిజానికి తేలిగ్గా చచ్చే క్రిములు చచ్చాయి, మొండివి మిగిలాయి. అప్పుడు మాత్ర ఆపితే జబ్బు తిరగబెట్టవచ్చు, ఒక్కోసారి ఈ మందులకు లొంగని మొండి టీబీగా కూడా మారవచ్చు. ఆ మొండి టీబీకి మందులు వేరే, బాధ ఎక్కువ. సరిగ్గా ఈ దశలోనే మన సంఘాల్లో ఒక ముచ్చట జరుగుతుంది. స్వస్థత కూటంలో ఆయన్ని ముందుకు పిలుస్తారు. మైకు చేతికిస్తారు. "దేవుడు నన్ను ముట్టాడు, దగ్గు పోయింది" అంటాడు పాపం, నిజంగానే పోయింది కదా. చప్పట్లు, స్తోత్రాలు. అంతమంది ముందు బాగయ్యానని చెప్పిన మనిషి మర్నాడు పొద్దున మాత్ర వేసుకుంటే తన సాక్ష్యాన్ని తానే అబద్ధం చేసినట్టు. విశ్వాసం లేదంటారేమోనని మాత్ర మానేస్తాడు.

ప్రార్థన చేయవద్దని నేననడం లేదు. తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించిన పాస్టరుగారే "ఆరు నెలలు నిండేదాకా ఒక్క పూట కూడా మాత్ర మానవద్దు, మానితే నాతో చెప్పు" అని అదే మైకులో అనాలి. టీబీ సాక్ష్యమంటూ ఉంటే మందు పూర్తయి, తెమడ పరీక్షలో ఏమీ లేదని తేలాకే చెప్పించాలి. అంతకుముందు చెప్పించే ప్రతి సాక్ష్యం ఆ మనిషి ఊపిరితిత్తులతో ఆడే జూదం. కటువుగా ఉందేమో, నాకు వేరే మాట దొరకలేదు.

ఇదే మైకు ఇంకో అపకారం కూడా చేస్తుంది. ఆదివారం ప్రార్థన మనవుల్లో "ఫలానా వీధి ఫలానా అక్క టీబీతో బాధపడుతోంది" అని చదివేస్తారు. ఆ సాయంత్రానికి అద్దె ఇల్లు ఖాళీ చేయమంటారు, కూతురి పెళ్లి సంబంధం వెనక్కి పోతుంది. దేవుడికి ఇంటి నంబరు చెప్పాల్సిన పని లేదు గదా. బుట్ట ఇస్తూ బ్యానరు పట్టుకుని దిగే ఫోటో కూడా అంతే. "నీ కుడిచెయ్యి చేయునది నీ యెడమచేతికి తెలియక యుండవలెను" అన్నది ఇక్కడ ఉత్త వినయం గురించి చెప్పిన మాటగా నాకు వినబడదు, రోగి పరువు కాపాడే జాగ్రత్తగా వినబడుతుంది. బుట్ట మామూలు కిరాణా సంచిలో పోవాలి. పోయేది ఒకరో ఇద్దరో కావాలి, అదీ ఎప్పుడూ ఒకే మనుషులు.

తిరుపతి సంగతి ఇంకొంచెం సున్నితం. 2007లో ప్రభుత్వం తిరుమలలో అన్యమత ప్రచారాన్ని నిషేధిస్తూ ఉత్తర్వులిచ్చింది. కొండ కింద కూడా క్రైస్తవులు అన్నం పెడుతున్నారంటే వెనక ఏదో ఉందన్న అనుమానం జనానికి ఉండనే ఉంది. దాన్ని కొంత మనమే తెచ్చిపెట్టుకున్నాం. పొట్లంలో కరపత్రం పెట్టినప్పుడు ఇచ్చిన అన్నానికి ధర కట్టినట్టే. ఆ నిక్షయ్ జాబితాలో మీకొచ్చే రోగి ఏ మతస్థుడైనా కావచ్చు. శుక్రవారం మసీదుకు పోయేవాడో, శనివారం గోవిందనామం పెట్టుకునేవాడో. సంచిలో గుడ్లు, బ్యాళ్లు మాత్రమే ఉండాలి. ప్రార్థన చేయమని ఆయన అడిగితే చేయండి, అడగకపోతే ఆరు నెలలూ వాక్యమెత్తకండి. "మరి సువార్త ఎలా?" అనే ప్రశ్న వస్తుందని తెలుసు. యేసు చెప్పిన కథలో మంచి సమరయుడు దెబ్బలు తిన్నవాణ్ణి నీది ఏ ఊరు, ఏ కులం అని అడిగినట్టు లూకా రాయలేదు. నూనె, ద్రాక్షారసం పోసి కట్లు కట్టాడు, పూటకూళ్లవాడికి రెండు దేనారాలు ఇచ్చాడు. రోజు కూలి ఒక దేనారమని మత్తయి 20వ అధ్యాయంలో ఉంది, అంటే రెండు రోజుల సంపాదన. అంతటితో పోలేదు. ఇంకా ఖర్చయితే "నేను మరల వచ్చునప్పుడు" తీరుస్తానన్నాడు. ఆ కథలో నన్ను పట్టేది ఆ తిరిగి వస్తానన్న మాటే. మన క్రిస్మస్ రొట్టెలో లేనిది అదే.

తిరుపతిలో లూథరన్లు గట్టిగానే ఉన్నారు కాబట్టి వాళ్ల నుంచి రాబోయే అభ్యంతరం కూడా చూద్దాం: క్రియలవల్ల రక్షణ రాదు కదా అని. వాళ్ల సంఘానికి మూలపురుషుడైన మార్టిన్ లూథర్ 1522లో కొత్త నిబంధనకు రాసిన పీఠికలో యాకోబు పత్రికను గడ్డితో పోల్చాడు. నిజమే. కానీ ఎఫెసీ పత్రిక రెండో అధ్యాయంలో రక్షణ క్రియలవల్ల కాదనే 8, 9 వచనాలు చదివి ఆగిపోయేవాళ్లు పదో వచనం కూడా చదవాలి, సత్‌క్రియలు చేయడానికే మనం సృష్టించబడ్డామని అక్కడుంది. టీబీ ఉన్నాయనకు గుడ్లు ఇవ్వడం మీ రక్షణ కోసం కాదు, ఆయన బరువు కోసం. ఈ వాదన ఇంతకంటే పొడిగిస్తే గుడ్లు పాడవుతాయి.

డబ్బు విషయం. పౌలు యెరూషలేము పేదల కోసం చందా పోగుచేసినప్పుడు దాన్ని ఒక్కడి చేతికివ్వలేదు. తీతుతో పాటు ఇంకో ఇద్దరు సహోదరులను పంపాడు, ఎవరూ వేలెత్తి చూపకుండా. రెండో కొరింథీ ఎనిమిదో అధ్యాయంలో ఉంది. అదే పద్ధతి చాలు: ఒకరు వసూలు చేయాలి, ఇంకొకరు కొనాలి, మూడో మనిషి పుస్తకంలో రాయాలి. ముగ్గురూ ఒకే ఇంటివాళ్లు కాకూడదు. లెక్క చెప్పేటప్పుడు రోగి పేరు బదులు ఒక నంబరు వేస్తే సరిపోతుంది. ఈ పని మొదలుపెట్టే ముందు గుడి ఊడ్చే ఆయమ్మకు, రాత్రి కాపలా ఉండే పెద్దాయనకు జీతం నెల ఒకటో తారీఖున అందుతోందా అన్నది చూసుకోండి. బిగపట్టిన కూలి మొర్ర పెడుతుందని అదే యాకోబు అయిదో అధ్యాయంలో అన్నాడు. మామిడి తోటలున్న విశ్వాసులకు జూన్, జూలై కోతల్లో ఆ వచనం మరీ దగ్గరగా వినబడాలి. కాయలు కొన్న ఫ్యాక్టరీవాడు మనకు డబ్బివ్వలేదని కోసినవాళ్ల కూలి ఆపితే, మన మీద మొర్ర వాళ్లదే.

ఇంకో ఏర్పాటు గురించి కూడా చెప్పాలి, మంచి ఉద్దేశంతోనే తప్పుతోంది గనుక. గుడ్ ఫ్రైడే నాడు రక్తదాన శిబిరాలు పెడుతున్నారు. ఆ రోజు సగం మంది ఉపవాసం. ఖాళీ కడుపుతో రక్తం తీయరు, తీస్తే కళ్లు తిరిగి పడిపోతారు. పైగా ఒకేరోజు అరవైమంది ఇస్తే ఆ ఎర్రకణాలు 35 నుంచి 42 రోజులే నిలవుంటాయి, ప్లేట్‌లెట్లయితే 5 రోజులే. మగవాళ్లు మళ్లీ ఇవ్వాలంటే 90 రోజులు, ఆడవాళ్లు 120 రోజులు ఆగాలి. ఏప్రిల్లో అందరూ ఇచ్చేస్తే మే నెల ఎండల్లో అడిగినప్పుడు సంఘంలో ఇచ్చేవాళ్లే ఉండరు. ఆ అరవైమందిని నెలకు పదిమంది చొప్పున ఆరు జట్లు చేసి, రక్తనిధికి ఫోన్ నంబర్లు ఇచ్చి రండి. గుడ్ ఫ్రైడే నాడు ఉపవాసం ఉపవాసంగా ఉండనివ్వండి.

మళ్లీ మన రోగి దగ్గరికొస్తే, ఇంటికి పోయేవాళ్లు చూడాల్సిన కాగితాల పని కూడా ఒకటుంది. టీబీ రోగికి ప్రభుత్వం పోషణ కోసం నెలకు 1000 రూపాయలు ఇస్తోంది, 2024 నవంబరుకు ముందు అది 500. బ్యాంకు ఖాతాలో పడుతుంది, లేదా పడదు. పడకపోవడానికి కారణాలు ఎప్పుడూ ఇవే: ఖాతా వాడక మూలపడింది, ఆధార్ కలపలేదు, ఆధార్‌లో ఒక పేరు, బ్యాంకు పుస్తకంలో ఒక పేరు. కూలి మానుకుని బ్యాంకు చుట్టూ మూడుసార్లు తిరగడం రోగి వల్ల కాదు. సంఘంలో రిటైరైన టీచర్లు, గుమాస్తాలు ఎందరో ఉంటారు. ఒక పొద్దున పక్కన కూర్చుని ఫారం నింపించి వస్తే ఆరు నెలలకు 6000. మన బుట్ట విలువ కంటే ఎక్కువే. ఇంట్లో ఐదేళ్లలోపు పిల్లలుంటే వాళ్లకు ముందుజాగ్రత్త మందు ఉంటుంది, అది మొదలైందో లేదో అడగండి. టీబీ గురించి ఏ సందేహమున్నా 1800 11 6666కు ఫోన్ చేయండి, ఆ ఫోన్‌కు ఖర్చేమీ కాదు.

ఆరో నెల చివర తెమడ పరీక్ష జరిగి, నయమైందని రాసిచ్చాక చాలామంది అక్కడితో పని అయిపోయిందనుకుంటారు. తిరగబెట్టే అవకాశం ఇంకా ఉంటుంది కాబట్టి, ఆరేసి నెలలకు ఒకసారి చొప్పున రెండేళ్ల దాకా చూపించుకోవాలి. మొత్తం నాలుగు తేదీలు. రోగికి అవి గుర్తుండవు, ఒళ్లు బాగున్నవాడికి ఆసుపత్రి ఎందుకు గుర్తొస్తుంది? కొత్త సంవత్సరానికి సంఘం ఇచ్చిన వాగ్దాన వాక్యాల క్యాలెండరు మీ గోడకు ఎలాగూ వేలాడుతూ ఉంటుంది. మొదటి రెండు తేదీలు దాని మీద పెన్నుతో గుండ్రంగా చుట్టండి. తర్వాతి రెండూ వచ్చే ఏడాది క్యాలెండరు రాగానే.